ఒక ఇంగ్లీషు పల్లె చరిత్రకు మా అత్తగారి సవరణలు

మా ఆయనకి మర్యాద ఎక్కువ. బెంగాల్లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసినంత కాలం ఆ మర్యాద దారిలో కనబడినవాళ్ళని "ఇంటికి రండి, భోంచేసి వెళ్దురు గాని" అనడం వరకే ఉండేది. ఆ మాట వినేవాళ్ళు తెలుగువాళ్ళో బెంగాలీలో కాబట్టి, పిలిచినట్టు గుర్తుంచుకుని రాకుండా ఉండాలని వాళ్ళకి తెలుసు. రిటైరయ్యాక ఆయన ఫోన్‌లో పాత ఖరగ్‌పూర్ వాళ్ళ గ్రూపు ఒకదాంట్లో చేరారు. అక్కడ ఒక ఇంగ్లండ్ ఆవిడ తన సంగతి రాసుకుంది. వాళ్ళది చిన్న పల్లెటూరు. ఆ ఊరి చర్చి చరిత్ర రాస్తోంది. దొరల కాలంలో ఆ ఊరి కుర్రాడొకడు ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌కి వచ్చి, ఫోర్‌మన్ అయి, ఇక్కడే పోయాడు. అతని సమాధి ఎక్కడుందో ఎవరికైనా తెలుసా అని అడిగింది.

మా ఆయన వెంటనే, "మా ఇల్లు మీ ఇల్లే మేడమ్, వచ్చి మా ఇంట్లోనే ఉండండి" అని జవాబిచ్చారు.

ఆవిడ వచ్చేసింది.

మా పేట మలంచాలో ఇంటి ముందు టోటో అనే బ్యాటరీ రిక్షా దిగి, ఒక చక్రాల పెట్టె, ఒక గొడుగు పట్టుకుని నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. పొడుగ్గా, సన్నగా, ఎండకి ముక్కు ఎర్రబడిపోయి ఉంది. మా ఆయన గుమ్మంలోనే నావైపు తిరిగి, "నిజంగా వస్తాదని నానేటి కలగన్నానా?" అని గొణిగారు. నేను నవ్వుతూ ఎదురెళ్ళాను. నేను తెలుగు పిల్లల బడిలో ఇంగ్లీషు టీచర్‌గా చేసి మానేసినదాన్ని. ఇంగ్లీషులో నవ్వడం నాకు అలవాటే.

అసలు చిక్కు మా అత్తగారితో వస్తుందని నాకు అప్పుడు తోచలేదు.

మా అత్తగారికి ఎనభై దాటాయి. శ్రీకాకుళం జిల్లాలో ఏటి ఒడ్డున ఒక పల్లె ఆవిడది. పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చేసరికి ఇంకా పరికిణీ ఈడు. ఆ తర్వాత బతుకంతా ఇక్కడే గడిచింది, పిల్లల్ని ఇక్కడే కన్నారు, మావగారిని ఇక్కడే సాగనంపారు. అయినా "మా ఊరు" అంటే ఇప్పటికీ ఆ పల్లే. ఖరగ్‌పూర్ని మాత్రం "ఈ ఊరు" అంటారు, ఏదో రైలు మారడానికి దిగినట్టు.

మర్నాడు పొద్దున్న వరండాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. జనవరి కావడంతో అత్తగారు ఉన్ని శాలువా, దాని మీద మంకీ క్యాప్, కాళ్ళకి మేజోళ్ళతో కూచున్నారు. ఇంగ్లండ్ ఆవిడ చేతుల్లేని పల్చటి గౌనుతో వచ్చి ఎండలో కుర్చీ వేసుకుంది.

"పాపం, దొరసానికి బట్టల్లేవేటే?" అన్నారు అత్తగారు.

"మీకు చలి వెయ్యడం లేదా అంటున్నారు," అన్నాను ఇంగ్లీషులో.

"చలా?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. "మా ఊళ్ళో ఎండాకాలం ఇంత వెచ్చగా ఉంటే జనం మూర్ఛపోతారు."

ముడీలనే ఇక్కడి మరమరాలు, మిరపకాయ బజ్జీలు, టీ పెట్టాను. ఆవిడ అన్నీ తిన్నది. ముడీల్లో ఆవకాయ కలుపుకుని మరీ తిన్నది. తిండి దగ్గర వంక పెట్టని మనిషి మీద అత్తగారికి సగం గౌరవం అక్కడే ఏర్పడింది. మిగతా సగం మాత్రం అత్తగారు తేలిగ్గా ఇవ్వదలుచుకోలేదు.

"ఏటి పని మీద ఒచ్చినాదట?"

వాళ్ళ పారిష్ చరిత్ర రాస్తోందని చెప్పాలి. పారిష్ అనే మాటకి నాకు వెంటనే తెలుగు దొరకలేదు. "ఒక గుడి, ఆ గుడి కిందకొచ్చే ఊరూ పొలాలూ మనుషులూ, అన్నీ కలిపి," అన్నాను.

"మరి గుడి కిందకి రానోళ్ళో?"

అడిగాను. వాళ్ళూ ఉన్నారట. ఊరి చివర వేరే చిన్న ప్రార్థన మందిరం కట్టుకున్నారు. ఒకప్పుడు వీళ్ళకీ వాళ్ళకీ మాటల్లేవు, పెళ్ళిళ్ళూ లేవు.

"అనుకున్నాను," అన్నారు అత్తగారు తృప్తిగా. "ఊరంటే అదే మరి."

ఆ రోజు నుంచి పొద్దున్న టీ అంటే ఇంగ్లీషు పల్లె చరిత్రే. ఆవిడ నోటికి వచ్చినట్టు చెప్పేది. నేను తెలుగులోకి మార్చేదాన్ని. అత్తగారు ప్రతిదానికీ తమ ఊరి లెక్క ఒకటి బదులిచ్చేవారు. ఆవిడకి ఇండియా మీద పెద్ద ఆసక్తి లేదని నాకు రెండో రోజుకే అర్థమైంది. తాజ్‌మహల్ చూస్తారా అంటే, "అది మా పారిష్‌లో లేదుగా" అంది నవ్వుతూ. మా అత్తగారికీ ఇంగ్లండ్ మీద ఆసక్తి లేదు. ఇద్దరికీ కావలసింది తమ ఊరి సంగతి చెప్పడానికి ఒక మనిషి. ఆ ఇద్దరి మధ్యా నేను పడ్డాను.

చర్చిని మొదట కొండ మీద కట్టబోయారట. పగలు పేర్చిన రాళ్ళు తెల్లారేసరికి లోయలోకి దిగిపోయి ఉండేవట. సైతాను పని అని కొందరు, వనదేవతల పని అని కొందరు అన్నారట. చివరికి విసిగి లోయలోనే కట్టారట.

"మా అమ్మోరూ అంతే," అన్నారు అత్తగారు. "ఊరి మజ్జిని గుడి కడతామంటే కలలోకొచ్చి, నాను ఈ సందులో ఉండను, గాలాడదు, పొలాల్లోకి ఒగ్గీండి అన్నాది."

ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "ఎంత పాత గుడి?" అని అడిగింది. "మాది కొన్ని వందల ఏళ్ళది."

"అమ్మోరి వొయిసా?" అత్తగారు నన్ను కోపంగా చూశారు. "ఆడోళ్ళ వొయిసు అడుగుతారేటే ఎవులైనా? సెప్పు ఆవిడికి."

ఎంత పాతదో ఎవరికీ తెలియదన్నాను ఇంగ్లీషులో. ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "ఆవిడ చాలాసేపు మాట్లాడారు. మీరు చాలా తక్కువ చెప్పారు."

దాంతో ఆ మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాల్సి వచ్చింది. ఆవిడ అత్తగారి వైపు తిరిగి చేతులు జోడించి క్షమించమన్నట్టు తల వంచింది. అత్తగారు క్షమించారు. టోటో అతను పిలవడం విని నేర్చుకుంది కాబోలు, ఆ రోజు నుంచి ఆవిడ అత్తగారిని బెంగాలీవాళ్ళు పెద్దావిడల్ని పిలిచినట్టు "మాసిమా" అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపుతో దొరసాని కాస్తా "సెల్లి" అయింది.

మూడో రోజున అసలు కథలోకి వచ్చాం. ఆ ఫోర్‌మన్ కథ.

అతను ఊరి కమ్మరి కొడుకు. చర్చి బురుజులో పెద్ద పెద్ద గంటలున్నాయి. తాళ్ళు పట్టి వాటిని మోగించడానికి గంటలోళ్ళ జట్టు ఉండేది, అందులో ఇతనొకడు. మోగించడం ఒళ్ళు హూనమయ్యే పని కనక, బురుజు అడుగున వాళ్ళకోసం ఒక బీరు పీపా పెట్టడం తాతల నాటి ఆచారం. కొత్తగా వచ్చిన ఫాదరు మద్యం పాపమని ఆ పీపా తీయించేశాడు. గంటలోళ్ళు అలిగారు. ఫాదరు దిగిరాలేదు. చివరికి జమీందారు కూతురి పెళ్ళిరోజున, బురుజెక్కి చూస్తే గంటల తాళ్ళన్నీ కోసేసి ఉన్నాయి. పెళ్ళికూతురు బడిపిల్లల చేతిగంట గణగణల మధ్య చర్చిలోకి నడిచింది. కమ్మరి కొడుకు ఊళ్ళో లేడు.

"ఇక్కడ తేలినాడన్నమాట," అన్నారు అత్తగారు.

"ఎన్నేళ్ళకో ఇక్కడి నుంచి ఊరికి ఒక ఇత్తడి పాత్ర పంపాడు. ఆ తర్వాత ఇక్కడే పోయాడన్న కబురు తప్ప అతని గురించి ఊరికి ఇంకేమీ తెలియదు," అంది ఆవిడ. "దాని గురించే మా ఊరు ఇవాళ్టికీ రెండు పార్టీలు. తాళ్ళు కోసినందుకు పశ్చాత్తాపపడి చర్చికి కానుకగా పంపాడని ఫాదరు వైపు వాళ్ళు అంటారు. అదేం లేదు, తల్లికి పంపితే ఫాదరు లాక్కున్నాడని గంటలోళ్ళ వైపు వాళ్ళు అంటారు. సమాధి మీద ఏమైనా రాసి ఉంటుందేమో, నిజం తేలుతుందేమో అని వచ్చాను."

మర్నాడే సమాధుల తోటకి బయల్దేరాం. మా ఆయన పాములకని కర్ర పట్టుకున్నారు. అత్తగారు తానూ వస్తానన్నారు. మోకాళ్ళ నొప్పులు గుర్తు చేస్తే, "నా మోకాళ్ళు నీకేటి బరువా?" అని టోటోలో ముందే ఎక్కి కూచున్నారు.

లోపల మేకలు మేస్తున్నాయి. మోకాళ్ళెత్తు గడ్డి. రాళ్ళు కొన్ని ఒరిగి, కొన్ని విరిగి ఉన్నాయి. ఆవిడ గొడుగు కొనతో ఒక్కో రాయి మీది గడ్డి తప్పించి చదువుతూ వెళ్ళింది. అత్తగారు దగ్గర్లో ఉన్న ఎత్తైన సమాధి మీద చతికిలబడ్డారు.

"అమ్మా, అది ఎవుల్దో సమాది," అన్నారు మా ఆయన.

"కూకోవద్దని ఆయన అన్నాడేటి?"

ఎండెక్కేదాకా వెతికినా అతని రాయి కనబడలేదు. చివరికి మా ఆయన చెప్పు పట్టీ తెగింది. సరిచేసుకోవడానికి ఒక రాతిని పట్టుకుని వంగారు. వంగినవారు అలాగే ఉండిపోయి, "మేడమ్, కమ్ కమ్" అని కేకేశారు.

అదే. అతని పేరు, వాళ్ళ ఊరి పేరు, పోయిన తేదీ, కింద ఫోర్‌మన్ అని, అతని తోటి పనివాళ్ళు నిలబెట్టిన రాయి అని. అంతే. పాపమని లేదు, పుణ్యమని లేదు, దేవుడి మాట ఒక్కటి లేదు. ఆవిడ వెనక్కి కూడా వెళ్ళి చూసింది, రాతికి అటువైపు ఏమైనా మిగిలి ఉందేమోనని. తర్వాత గడ్డిలో కూచుని నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండా అలాగే పట్టుకుంది.

"ఏటి రాసున్నాదే?" అన్నారు అత్తగారు.

చదివి వినిపించాను. అత్తగారు లేచి, నా భుజం పట్టుకుని ఆ రాతి దగ్గరకి నడిచి, దాని మీద చెయ్యి వేశారు. ఒక్కసారిగా గొంతెత్తారు.

"ఓ నా తండ్రో... ఏ తల్లి కన్న కొడుకువో... ఏ దేశాన పుట్టినావో, ఏ మట్టిలో పడుకున్నావో... నీ తల నిమిరేటోళ్ళు నేకపోనారో నాయనో..."

మా వైపు ఆడవాళ్ళు పోయినవాళ్ళని తలుచుకుని ఇలా రాగం తీస్తూ ఏడవడం నాకు తెలుసు. కానీ ముక్కూ మొహం తెలియని ఫోర్‌మన్ కోసం తీస్తారని నేను అనుకోలేదు. మేకలు మేయడం మాని చూశాయి. వాటి కాపరి, నడివయసు మనిషి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు.

"కే మారా గేఛే, దాదా?" అన్నాడు మెల్లగా. ఎవరు పోయారని.

"ఏక్‌జన్ ఫోర్‌మన్," అన్నారు మా ఆయన.

"కబే?"

ఎప్పుడు పోయాడో రాతి మీద చూసి చెప్పడం బాగుండదని మా ఆయనకి తోచింది. "అనేక్ దిన్ ఆగే," అన్నారు. చాలా కాలమైందని.

కాపరి మా అత్తగారిని చూశాడు. ఇంత కాలమైనా ఇంత దుఃఖమా అన్నట్టు తల ఊపి, తనూ అక్కడే గొంతుక్కూచున్నాడు.

ఏడుపు ఎంత హఠాత్తుగా మొదలైందో అంతే హఠాత్తుగా ఆగింది. అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని, "పదండి, ఆకలేస్తన్నాది" అన్నారు. టోటోలో ఆవిడ నా చెవిలో అడిగింది, మాసిమా ఎందుకంత ఏడ్చారని. నేను అత్తగారిని అడిగాను.

"ఇనప పని కోసం ఊరొగ్గేసి ఒచ్చినోడు కాదేటి? మీ మాఁవ ఎందుకొచ్చినాడు, మీ మాఁవ తండ్రి ఎందుకొచ్చినాడు? ఆళ్ళకైతే ఏడవడానికి మనం ఉన్నాం. ఈడికెవులున్నారు?"

ఈసారి ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను.

మర్నాడు పొద్దున్న టీ దగ్గర ఆవిడ దిగులుగా ఉంది. రాతి మీద పశ్చాత్తాపం లేదు, ఇక ఆ ఇత్తడి పాత్ర ఒక్కటే సాక్ష్యం అంది. చూస్తారా అని ఫోన్‌లో ఫొటో తెరిచి చూపించింది. చర్చిలో పూజా వేదిక, తెల్లటి గుడ్డ, రెండు కొవ్వొత్తులు, మధ్యలో ధగధగలాడే ఇత్తడి పాత్ర నిండా తెల్లని పూలు. పండగలకీ పెళ్ళిళ్ళకీ అందులోనే పూలు పెడతారట. ఎవరు పెట్టాలన్న దాని మీద ఊళ్ళో ఆడవాళ్ళకి పెద్ద పోటీ.

అత్తగారు ఫోన్ తీసుకుని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"ఇది సెంబు."

"అవును, చెంబే," అన్నాను.

"పూలెట్టినారేటి ఇందల?" ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నారు. "ఓలమ్మోలమ్మ! ఇది దొడ్డికెళ్ళే సెంబే!"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పేపర్ని మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమంటున్నారు?" అంది ఆవిడ ఆశగా.

"నీళ్ళు పట్టుకునే పాత్ర అంటున్నారు," అన్నాను.

అత్తగారికి ఇంగ్లీషు రాదు గాని వాటర్ అన్న మాట తెలుసు. "నీళ్ళే. ఆ నీళ్ళెందుకో కూడా సెప్పవే!"

నేను నీళ్ళు నమిలాను. నా మీద నమ్మకం పోయిందో ఏమో, అత్తగారే లేచారు. బల్ల మీది గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేత్తో చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి, పెరటి వైపు గబగబా నాలుగు అడుగులు వేశారు. అక్కడ మోకాళ్ళు అనుమతించినంత మేర వంగి, చేత్తో వెనక్కి నీళ్ళు చల్లినట్టు చూపించి, తిరిగొచ్చి కుర్చీలో కూచున్నారు.

"ఓ," అంది ఆవిడ.

"అమ్మా, ఫొటో సూసి అలాగెలా సెప్పేస్తావు?" మా ఆయన పేపర్ దించారు. "నీళ్ళు తాగే సెంబు కూడా అలాగే ఉంటాది."

"తాగే సెంబుకి అంచు ఉంటాది. దీనికేదీ అంచు? మీ నాన్నకిచ్చిన క్వార్టర్లో దొడ్డి గుమ్మం కాడ ఏటుండీదనుకున్నావు?"

ఈ వాదన విని పక్కింటి బెంగాలీ కోడలు గోడ మీంచి తొంగిచూసింది. మా ఆయన ఫోన్ అందించారు. ఆ అమ్మాయి చూసి, ఫోన్ కళ్ళకద్దుకున్నంత పని చేసి, "ఏ తో ఠాకూరేర్ ఘటి!" అంది. దేవుడికి నీళ్ళు పెట్టే చెంబట.

"నా గో బౌమా, పాయ్‌ఖానార్!" అని అత్తగారు ఇక్కణ్ణుంచే కొట్టిపారేశారు.

దేవుడిదని పక్కింటామె, దాహానిదని మా ఆయన, దొడ్డిదని అత్తగారు. మూడూ ఇంగ్లీషులో చెప్పి, నేను తల వంచుకున్నాను. ఆవిడ బాధపడుతుందని, ఏడుస్తుందేమో కూడానని నా భయం. తలెత్తి చూస్తే ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుపు కాదు. నవ్వు, శబ్దం బయటికి రాని నవ్వు. ముక్కు ముందు కంటే ఎర్రబడింది. కళ్ళు తుడుచుకుంది.

"నేను ఫాదరు వైపు మనిషిని," అంది. "మా చర్చిలో ఫాదర్లు పెళ్ళి చేసుకోవచ్చు. ఆ ఫాదరు మా అమ్మమ్మకి తాత. ఆ కానుకని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి శనివారం నేనే తోముతున్నాను."

అది విన్న అత్తగారి మొహంలో మొదటిసారి జాలి కనబడింది. "సింతపండుతోనా?" అని అడిగారు.

ఇంకాస్త నవ్వాక ఆవిడ నిట్టూర్చింది. ఇప్పుడు చరిత్రలో ఏం రాయాలి? పశ్చాత్తాపపడ్డాడనాలా, లేదనాలా?

"ఏల పడాలి పశ్చాత్తాపం?" అన్నారు అత్తగారు. "ఇను సెల్లీ. మా ఊర్లో అమ్మోరి సంబరానికి డప్పులోళ్ళకి కల్లు పొయ్యాలి. ఓ ఏడు ఊరిపెద్ద ఎక్కడో గొప్పోళ్ళ మాటలిని ఒచ్చి, కల్లు ఒద్దు, మజ్జిగ పోస్తానన్నాడు. డప్పులోళ్ళు డప్పులు కింద ఎట్టీసినారు. డప్పు నేకపోతే ఘటం లెగదు. అమ్మోరు ఎండలో నిలబడిపోనాది. అప్పుడు మా యమ్మ ఇంట్లోంచి ఇత్తడి పళ్ళెం తెచ్చి గరిటెతో వాయించినాది. ఆడోళ్ళందరూ తెచ్చినారు. ఆ గోల భరించలేక ఊరిపెద్ద కల్లుకుండ తనే నెత్తి మీద ఎట్టుకు ఒచ్చినాడు."

"తర్వాత?" అంది ఆవిడ. నేను చెప్పడం పూర్తవకుండానే.

"తరవాతేటి? సంబరం అయిపోనాది. ఊరిపెద్ద పశ్చాత్తాపపడ్డాడు. డప్పులోళ్ళు పడనేదు. పడాల్సింది ఎవులో మా ఊర్లో అందరికీ తెలుసు."

ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుంది. "ఫాదరు వైపు వాళ్ళకి ఇది చెప్పాలి," అంది.

ఆ సాయంత్రమే చెప్పింది. వాళ్ళకి అది మధ్యాహ్నం, ఊరి హాల్లో చరిత్ర సంఘం సమావేశం. మా టీవీ ముందు బల్ల మీద ఫోన్ నిలబెట్టాం. తెర మీద బూడిదరంగు గోడ, వరసగా కుర్చీలు, కోట్లు వేసుకున్న ముసలివాళ్ళు. ఆవిడ సమాధి గురించి చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత పాత్ర గురించి, మూడు అభిప్రాయాలూ, దాపరికం లేకుండా చెప్పింది.

అటు నుంచి కాసేపు ఏ శబ్దమూ రాలేదు. సిగ్నల్ పోయిందనుకుని మా ఆయన ఫోన్ని తట్టారు. అప్పుడు ఒక్కసారిగా గోల మొదలైంది.

అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు. అత్తగారు మాత్రం ముందుకు వంగి, తమ ఊరి రచ్చబండ ముందు కూచున్నట్టు చూస్తున్నారు.

"ఆ ఎర్రకోటు ఆవిడ పూలెట్టీది. సూడు, మొకం ఎలా మాడిపోనాదో. ఆ మీసాలాయన గంటలోళ్ళ పార్టీ. నవ్వు ఆపుకోనేకపోతన్నాడు. ఆ మూల కూకున్నోడు ఏ పార్టీ కాదు, టీ ఎప్పుడిస్తారా అని సూస్తన్నాడు."

అడిగితే అన్నీ నిజమే అని తేలింది. ఆవిడ నా వైపు విస్తుపోయి చూసింది.

ఎర్రకోటు ఆవిడ లేచి, ఇంతకీ ఆ పాత్రని ఎప్పుడైనా ఆ పనికి వాడారా, లేక కొత్తదే కొని పంపాడా అని అడిగింది. ప్రశ్న నాకు న్యాయంగానే తోచింది. అత్తగారికి చెప్పాను.

"కన్నతల్లికి వాడిన సెంబు పంపుతాడేటి ఎవుడైనా? కొత్తదే పంపుంటాడు. బజార్లో మెరిసింది సూసి కొన్నాడు, మొగోడు గదా, ఏది దేనికో ఆడికేటి తెలుసు?"

ఇది ఇంగ్లీషులో విన్నాక హాల్లో ఆడవాళ్ళందరూ, రెండు పార్టీల వాళ్ళూ, నవ్వారు. ఆ వివాదంలో అంతవరకూ ఎవరికీ తట్టని సంగతి అది. అతను పశ్చాత్తాపంతోనూ పంపలేదు, కొంటెతనంతోనూ పంపలేదు. దూరదేశంలో ఉన్న కొడుకు అమ్మకి ఒక మెరిసే వస్తువు కొన్నాడు. ఎర్రకోటు ఆవిడ కూచుంది. మూలనున్నాయనకి ఎవరో టీ తెచ్చి ఇచ్చారు.

వెళ్ళే ముందు ఆవిడ ఈ వివరాలన్నీ పుస్తకంలో రాయడానికి అత్తగారి అనుమతి అడిగింది, పేరు వెయ్యవచ్చా అని.

"నా పేరొద్దు. మా ఊరి పేరెయ్యమను," అన్నారు అత్తగారు.

స్టేషన్‌కి మేమందరం వెళ్ళాం. బండి కదిలేదాకా మా ఆయన కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతూనే ఉన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, మళ్ళీ ఏ మర్యాద మాటా అనకుండా.

కొన్ని నెలలకి సంగతులు తెలిశాయి. పాత్రని వేదిక మీంచి తీసెయ్యాలా వద్దా అని వాళ్ళు ఓటు పెట్టారట. ఉంచేద్దామనే తేలిందట, ఎర్రకోటు ఆవిడే గట్టిగా ఉంచుదామందట. బురుజు లోపల గంటలోళ్ళ పేర్లు రాసే చెక్క ఒకటుంటే, దాని మీద కమ్మరి కొడుకు పేరు చేర్చారట. అయితే ఫాదరు వైపు వాళ్ళ మాట కూడా ఉండాలి కనక, నిచ్చెన ఎక్కితే గాని కనబడనంత ఎత్తున రాశారట. పుస్తకమూ వచ్చింది. అందులో మా అత్తగారి ఊరి పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక తప్పుతో ఉంది. అత్తగారికి చదువు రాదు కనక తప్పు సంగతి మేము చెప్పలేదు. వచ్చినవాళ్ళందరికీ ఆ పేజీ తీసి వేలు పెట్టి చూపిస్తారు. వేలు సాధారణంగా పక్క లైను మీద ఉంటుంది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆవిడ ఫోన్ చేస్తుంది. మొదట్లో నేను మధ్యలో కూచునేదాన్ని. ఈ మధ్య నన్ను పిలవడం తగ్గింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా అరగంట మాట్లాడుకుంటారు. మొన్న వంటింట్లోంచి వింటే ఇద్దరూ మోకాళ్ళ గురించి చెప్పుకుంటున్నారు, ఒకరు ఇంగ్లీషులో, ఒకరు శ్రీకాకుళంలో. అత్తగారు ఆముదం సీసా తెర ముందు ఊపి, కాచి ఎలా రాయాలో చేతులతో చూపించారు. ఈ ఆదివారం ఆవిడ సీసా దొరికిందని చూపించింది. రాసుకుని చర్చికి వెళితే, ఆ వాసనకి తన బెంచీ మీద ఇంకెవరూ కూచోలేదట.

"మరేటి, ఇశాలంగా కూకున్నాదన్నమాట," అన్నారు అత్తగారు. "నొప్పి తగ్గినాదో నేదో అడుగు."